టిప్పులు ఆపేసి జీతం పెంచుతామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: ఆకుపచ్చ నోట్‌బుక్

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్లుగా రెస్టారెంట్లో సర్వరుగా పనిచేస్తున్నాను. పోయిన వారం ఒక రాత్రి, ఆఖరి టేబుల్ ఖాళీ అయి కుర్చీలు బల్లల మీదికి ఎత్తేశాక, మా యజమాని అందరినీ కూర్చోబెట్టి ఒక ప్రతిపాదన చెప్పారు. ఇకమీదట ఎవరూ టిప్పులు తీసుకోకూడదని, ఆ సంగతి తలుపు మీదా బిల్లు మీదా అచ్చు వేయిస్తామని, మెనూ ధరలు నూటికి పన్నెండు చొప్పున పెంచి, ఆ వచ్చే డబ్బుతో హాల్లోనూ వంటగదిలోనూ పనిచేసే అందరి జీతాలూ పెంచుతామని ఆయన చెప్పినదాని సారాంశం. నెలలోపు మా అభిప్రాయం కాగితం మీద రాసి ఇమ్మన్నారు.

నాకు లెక్క రాసుకునే అలవాటు ఉంది. పద్నాలుగు నెలలుగా ప్రతి రాత్రీ ఇంటికి వెళ్లగానే ఒక ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్‌లో ఆ రోజు టిప్పులు ఎంతో రాసి పడుకుంటాను. ఆ లెక్క ప్రకారం నా సగటు నెల ఆదాయం వంద అనుకుంటే, అందులో నలభై జీతం, అరవై టిప్పులు. బాగా నడిచిన నెలలో ఆ వంద నూట నలభై దాకా వెళ్లింది, మరీ అధ్వాన్నమైన నెలలో అరవై అయిదుకు పడిపోయింది. యజమాని చెప్పిన కొత్త పద్ధతిలో నా జీతం నలభై నుంచి ఎనభై అయిదు అవుతుంది, టిప్పులు సున్నా అవుతాయి. ఎనభై అయిదు కంటే తక్కువ వచ్చిన నెలలు నా నోట్‌బుక్‌లో పద్నాలుగింటికి నాలుగే ఉన్నాయి.

లెక్క ఒక్కటే అయితే ఇక్కడ అడగవలసిన పని ఉండేది కాదు. మొన్న ఒక వర్షపు రోజున పదకొండు మంది ఒక్క గుంపుగా వచ్చి మూడు గంటలు కూర్చున్నారు. ఆ సాయంత్రం నాకు ఇంకో టేబుల్ అందలేదు. వాళ్లు లేచి వెళ్లాక బల్ల తుడుస్తుంటే తడి గ్లాసు కింద అంటుకుపోయిన ఒకే ఒక్క చిన్న నోటు కనిపించింది. చిరగకుండా దాన్ని గోటితో ఊడదీస్తున్నంతసేపూ, తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మనిషి ఒక సాయంత్రపు కూలి ఇలా తేలడమేమిటని అనిపించింది. మరుసటి రోజే నలుగురు కూర్చున్న టేబుల్ దగ్గర నా మూడు రోజుల జీతమంత టిప్పు వచ్చింది. అప్పుడు యజమాని ప్రతిపాదన గుర్తొచ్చి, ఇది పోగొట్టుకుంటానా అనిపించింది. న్యాయంగా చూస్తే ఏది మేలో, ఒప్పుకునే ముందు ఏమేమి అడగాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు: హాలు వదిలినవాడు

మీ ప్రశ్న చదువుతుంటే ఏడేళ్ల కిందటి నేనే కళ్లముందు కనిపించాను. నేను పనిచేసిన చోట కూడా ఇలాగే టిప్పులు ఆపి జీతాలు పెంచారు. మొదటి మూడు నెలలు నెలాఖరున చేతికి ఎంత వస్తుందో ముందే తెలిసి ఉండడం ఎంత సుఖమో నాకు అర్థమైంది. అద్దె కట్టే తేదీకి వారం ముందు నుంచి మొదలయ్యే గుబులు పోయింది. జ్వరం వచ్చి అయిదు రోజులు మంచాన పడితే ఆ అయిదు రోజులకూ జీతం వచ్చింది. అంతకుముందు సెలవు పెడితే జీతం వచ్చేది గాని, అందులో అసలు ఆదాయమైన టిప్పులు ఉండేవి కావు కాబట్టి, ఆ సెలవు కాగితం మీద మాత్రమే సెలవు.

నాలుగో నెల నుంచి షిఫ్టులు తగ్గడం మొదలైంది. మాకు పెంచింది గంట జీతం, హామీ ఇచ్చినది మాత్రం గంటలు కావు. రద్దీ లేని మధ్యాహ్నాలు "మీరు ఇంటికి వెళ్లండి" అని పంపేసేవారు. టిప్పుల రోజుల్లో ఖాళీగా నిలబెట్టినా యజమానికి పెద్దగా ఖర్చు లేదు కాబట్టి నిలబెట్టేవారు, జీతం పెరిగాక మా ప్రతి గంటా ఆయనకు లెక్కలోకి వచ్చింది. అందుచేత మీ ఎనభై అయిదు అనేది గంటకు కట్టిన లెక్కా, నెలకు ఖాయమైన లెక్కా అన్నది ముందు తేల్చుకోండి. గంట లెక్కే అయితే వారానికి కనీసం ఎన్ని గంటలు ఇస్తారో రాసి ఇమ్మనండి. ఈ ఒక్క వాక్యం రాయించుకోనందుకే నేను ఆ పని వదిలేయవలసి వచ్చింది.

ఇంకొక మాట. మీరు నలభై, అరవై అని రాశారు కదా, బ్యాంకుకు అప్పు కోసం వెళ్తే వాళ్లు చూసేది ఆ నలభైనే. పదవీ విరమణ నిధి, బోనసు, ప్రమాదం జరిగితే ఇచ్చే పరిహారం, ఇలాంటివి ఎక్కువగా జీతం మీదే లెక్కకడతారు. ఎనభై అయిదుకీ వందకీ మధ్య మీకు కనిపిస్తున్న పదిహేను తేడాలోంచి వీటి విలువ తీసేసి చూడండి, అది సగానికి సగం తగ్గవచ్చు.

జవాబు: బిల్లు కట్టేవాడు

నేను తినడానికి వెళ్లేవాడిని మాత్రమే, అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. టిప్పు అనేది నా ఇష్టం. బాగా చూసుకున్న మనిషికి నా చేతితో నేను ఇచ్చే మెప్పు అది. దాన్ని ధరలో కలిపేస్తే బాగా చూసుకున్నా, మొహం చిట్లించుకుని చూసుకున్నా ఒకే బిల్లు కట్టాలి. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అన్నారు పెద్దలు. ఆ వడ్డించేవాడికి నన్ను బాగా చూసుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేకపోతే నాకు మంచి సేవ ఎందుకు అందుతుంది? జీతాలు పెంచడం యజమాని బాధ్యత, అందులో సందేహం లేదు, కానీ అందుకోసం నా చేతిలోని చిన్న స్వేచ్ఛను తీసేయడం ఎందుకు?

జవాబు: పాత చట్టాల చదువరి

బిల్లు కట్టేవాడు గారూ, మీ అభ్యంతరానికి ముందు సమాధానం చెప్పి, తర్వాత ప్రశ్న అడిగినవారి సంగతికి వస్తాను.

మంచి సేవకు మంచి టిప్పు వస్తుందన్నది అందరం నమ్మే మాట. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ అనే ఆచార్యుడు దశాబ్దాలుగా ఈ ఒక్క విషయం మీదే పరిశోధన చేశారు. ఆయన 2000లో సహరచయితతో కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, తినేవాళ్లు సేవకు ఇచ్చిన మార్కులకూ వదిలిన టిప్పుకూ ఉన్న సంబంధం చాలా బలహీనమని తేలింది. టిప్పుల్లోని హెచ్చుతగ్గుల్లో సేవ నాణ్యతతో వివరించగలిగినది నూటికి రెండు వంతుల కంటే తక్కువ. మరి దేనివల్ల పెరుగుతుంది? సర్వరు బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడితే పెరుగుతుంది, చిల్లర ఇచ్చేటప్పుడు చెయ్యో భుజమో లీలగా తాకితే పెరుగుతుంది, బిల్లు వెనక "ధన్యవాదాలు" అని రాస్తే పెరుగుతుంది. బిల్లు మీద నవ్వుమొహం బొమ్మ గీస్తే ఆడ సర్వరుకు పెరిగింది గాని మగ సర్వరుకు పెరగలేదని 1996లో వచ్చిన ఒక ప్రయోగం చెప్పింది. లిన్, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో నల్లజాతి సర్వర్లకు తెల్లజాతి సర్వర్ల కంటే తక్కువ టిప్పు వచ్చినట్టు కనబడింది, అలా తక్కువ ఇచ్చినవాళ్లలో నల్లజాతి అతిథులు కూడా ఉన్నారు. మీరు మెప్పు అనుకుని ఇస్తున్నదానిలో చాలా భాగం మనిషి వాలకానికీ, మీ అలవాటుకీ, పక్కన కూర్చున్నవాళ్లు చూస్తున్నారన్న మొహమాటానికీ ఇస్తున్నదే. ఆ మొహమాటాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు.

ఇక అసలు విషయం. టిప్పు మెప్పుగా మాత్రమే ఉన్నంతకాలం దానితో ఎవరికీ పేచీ లేదు. అది జీతంలో భాగంగా లెక్కకు వచ్చిన రోజున పేచీ మొదలైంది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత జార్జ్ పుల్‌మన్ తన పడక రైలు పెట్టెల్లో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారిని పోర్టర్లుగా పెట్టుకుని, బొటాబొటి జీతం ఇచ్చి, మిగతాది ప్రయాణికుల దగ్గర సంపాదించుకోమన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కూలి ఇవ్వవలసినవాడు ఇంకొకరి జేబు చూపించాడు. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. నెలకు ఖాయంగా ఎంత వస్తుందో తెలియాలన్నది వాళ్ల పోరాటంలో పెద్ద అంశం. మీ ఆకుపచ్చ నోట్‌బుక్‌లో ఉన్నది కూడా అదే బాధ.

అదే దేశంలో 1938 నాటి కనీస వేతన చట్టం రెస్టారెంట్ పనివాళ్లలో అత్యధికులను వదిలేసింది. 1966 సవరణ వాళ్లను చట్టంలోకి తెచ్చింది, కాని కనీస వేతనంలో సగం దాకా టిప్పుల రూపంలో వచ్చినట్టు యజమాని చూపించుకోవచ్చని అదే సవరణ అనుమతించింది. ఈనాటికీ సమాఖ్య చట్టం ప్రకారం టిప్పు అందుకునే కార్మికుడికి యజమాని తన చేతి నుంచి ఇవ్వవలసిన కనీసం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు, అది 2009 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే తేడా యజమాని పూడ్చాలని చట్టం చెబుతుంది. కానీ అడిగి పూడ్పించుకునే ధైర్యం, వచ్చే వారం మంచి షిఫ్టులు ఎవరికివ్వాలో ఆ యజమానే నిర్ణయించే చోట, ఎంతమందికి ఉంటుంది?

గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్, నెవాడా, మోంటానా, మిన్నెసోటా, అలాస్కా, ఈ ఏడు రాష్ట్రాల్లో సర్వరుకైనా పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి, టిప్పును అందులో కలిపి చూపించకూడదు. అయినా అక్కడ టిప్పులు ఆగిపోలేదు. అంటే న్యాయమైన జీతమా, టిప్పా అని రెండింట్లో ఒకటి ఎంచుకోవలసిన అగత్యం లేదు. జీతం జీతంగా ఇచ్చి, టిప్పును టిప్పుగా వదిలేయవచ్చు. ఓటర్లు కూడా ఈ విషయంలో ఒక్క తీరుగా లేరు. వాషింగ్టన్ డి.సి.లో టిప్పు కార్మికుల తక్కువ వేతనాన్ని దశలవారీగా ఎత్తేయడానికి 2018లో ఓటు వేస్తే నగర మండలి ఆ సంవత్సరమే దాన్ని రద్దు చేసింది, 2022లో జనం మళ్లీ ఓటు వేశారు. 2024లో మసాచుసెట్స్ ఓటర్లు అటువంటి ప్రతిపాదననే తోసిపుచ్చారు. అక్కడ వ్యతిరేకంగా మాట్లాడినవారిలో సర్వర్లు కూడా ఉన్నారని మరచిపోకూడదు. బాగా నడిచే చోట శని, ఆదివారాల రాత్రి షిఫ్టులు చేసేవారికి టిప్పులు లాభసాటి బేరమే.

వేరే దారులు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1987 నుంచి మెనూలో వేసే ధరలోనే సేవ కలిసి ఉండాలి, ఆపైన బల్ల మీద ఎవరైనా నాలుగు నాణేలు వదిలితే అది వాళ్ల సంతోషం. బ్రిటన్‌లో 2009 నుంచి టిప్పులను కనీస వేతనంలో కలిపి లెక్కచూపడం కుదరదు. 2023లో చేసిన చట్టం 2024 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చాక, కార్డు మీద వచ్చినదైనా సర్వీస్ ఛార్జీగా వచ్చినదైనా, పన్ను తప్ప మరే కోతా లేకుండా, వచ్చిన నెల తర్వాతి నెలాఖరులోపు కార్మికులకు చేర్చాలి. ఎలా పంచుతారో రాతలో ఉండాలి, లెక్కలు మూడేళ్లు దాచాలి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట కార్డు మీద వచ్చిన టిప్పుల్లోంచి "మిషను ఖర్చు" అని కొంత మినహాయించుకునేవారు. ఆ మిషను నా టిప్పుల కోసమే కొన్నారా అని అడగాలనిపించేది, అడగలేదు.

జవాబు: గిన్నెల వైపు నుంచి

ఇంతమంది పెద్దలు మాట్లాడారు గాని వంటగది సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఆరేళ్లు గిన్నెలు కడిగి, ఇప్పుడు వంటమాస్టరు కింద పనిచేస్తున్నాను. మాకూ హాలుకూ మధ్య ఒక చిన్న కిటికీ ఉంటుంది, వంట అందులోంచి బయటికి వెళ్తుంది, ఎంగిలి పళ్లేలు అందులోంచి లోపలికి వస్తాయి. ఒక రాత్రి ఒక పళ్లెం అడుగున మడిచిన చిన్న కాగితం వచ్చింది. "వంట చేసినవారికి నమస్కారం, చాలా రోజుల తర్వాత ఇంత రుచిగా తిన్నాం" అని రాసి ఉంది. దాన్ని మా స్టవ్ పైన గోడకు అంటించాం, నూనె మరకలు పడి ఇంకా అక్కడే ఉంది. ఆ టేబుల్ వాళ్లు బయట వదిలిన టిప్పు మాత్రం కిటికీ దాటి లోపలికి రాలేదు, వస్తుందని మేమూ ఎదురుచూడలేదు.

సర్వర్ల మీద నాకు కోపం లేదు. మొహాన నవ్వు తగిలించుకుని పది గంటలు నిలబడడం నా వల్ల కాదు. అయినా వండినవాడి సంపాదనకూ అందించినవాడి సంపాదనకూ ఇంత తేడా ఎందుకుండాలో ఎవరూ నాకు నచ్చేలా చెప్పలేకపోయారు. న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరున్న రెస్టారెంట్ యజమాని 2015లో తన రెస్టారెంట్లలో టిప్పులు ఎత్తేయడం మొదలుపెట్టడానికి ముఖ్య కారణం ఇదే. అక్కడి చట్టం ప్రకారం టిప్పుల్లో వంటగదికి వాటా పెట్టకూడదు, అందుచేత ఆ డబ్బును ధరలోకి తెచ్చి అందరికీ పంచాలనుకున్నాడు. వంటగదివాళ్ల జీతం పెరిగింది, హాల్లోని పాత సర్వర్లు చాలామంది వెళ్లిపోయారు. చివరికి 2020 జూలైలో ఆయన టిప్పులను మళ్లీ తెచ్చాడు. ఆకుపచ్చ నోట్‌బుక్ గారూ, మీకు తగ్గే పదిహేను మీ యజమాని జేబులోకి పోతే నేను మీ పక్షం. మా కిటికీలోంచి లోపలికి వస్తే మాత్రం, క్షమించండి, నేను ఆ ప్రతిపాదన పక్షం.

జవాబు: చిన్న హోటలు యజమాని

నేను మీ అందరికీ అవతలి వైపు కూర్చునేవాడిని, గల్లా పెట్టె వెనక. నేనూ ఒకసారి ఈ మార్పు చేద్దామని కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చుని, చివరికి చేయలేకపోయాను. ఆకుపచ్చ నోట్‌బుక్ గారి అంకెలనే తీసుకుని ఆ లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను.

మీ దగ్గర టిప్పు సగటున బిల్లులో పదో వంతు అనుకుందాం. వంద బిల్లుకు పది. మీ టిప్పుల అరవై పోయి జీతం నలభై అయిదు పెరుగుతోంది, అంటే పోయినదానిలో మూడు వంతులు తిరిగి వస్తోంది, నాలుగో వంతు రావడం లేదు. వంద బిల్లు లెక్కన చూస్తే పదిలో ఏడున్నర మీకు తిరిగి వస్తోందన్నమాట. మీ యజమాని ధర పెంచుతున్నది పన్నెండు. పన్నెండులోంచి ఏడున్నర పోగా నాలుగున్నర మిగులుతోంది. ఆ నాలుగున్నర మొత్తం ఆయన మింగేస్తాడని తొందరపడి అనకండి. టిప్పు నా పుస్తకాల్లోంచి నడవదు కాబట్టి దాని మీద నాకు ఏ భారమూ లేదు. జీతం పెరిగితే భవిష్య నిధికి, బీమాకు యజమాని వాటా పెరుగుతుంది. అమ్మకాన్ని బట్టి అద్దె కట్టే చోటైతే, ధర పెరిగిన మేరకు అద్దె కూడా పెరుగుతుంది. ఇవన్నీ పోగా మిగిలినదే వంటగదికి వెళ్తుంది. ఎంత వెళ్తుందో మీ యజమాని రాసి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆయన లెక్క వేసుకోలేదన్నమాట, లేదా వేసుకుని చెప్పడం లేదన్నమాట.

నేను ఎందుకు చేయలేదో కూడా చెప్పాలి. తినడానికి వచ్చేవాడు బయట నిలబడి మెనూ ధర చూస్తాడు, టిప్పు కలిపి చూసుకోడు. పక్క హోటల్లో వంద, నా దగ్గర నూట పన్నెండు అని కనిపిస్తే, అక్కడ చివరికి నూట పది ఇచ్చి బయటికి వస్తానన్న ఆలోచన అతనికి ఆ క్షణంలో రాదు. అమెరికాలో జోస్ క్రాబ్ షాక్ అనే గొలుసు రెస్టారెంట్లు 2015లో పద్దెనిమిది చోట్ల టిప్పులు ఆపి ధరలు పెంచి చూసి, మరుసటి ఏడాదే పద్నాలుగు చోట్ల పాత పద్ధతికి వెళ్లిపోయాయి. ఒక్కడే చేస్తే నష్టపోతాడు, అందరూ ఒకేసారి చేస్తే ఎవరికీ నష్టం లేదు. అందుకే ఇది చట్టంతో కావలసిన పని అని నా అభిప్రాయం, ఒక యజమాని మంచితనం మీద ఎంతకాలం నిలబడుతుందో నాకు అనుమానమే.

దారి మధ్యలో సర్వీస్ ఛార్జీ అనే మరో వస్తువు ఉంది, దాని గురించి జాగ్రత్త. అది బిల్లులో యజమాని వేసేది, టిప్పు కాదు. తినేవాళ్లు అది సర్వరుకే వెళ్తుందనుకుని వేరే టిప్పు ఇవ్వరు, అది ఎవరికి వెళ్తుందో మాత్రం బిల్లు చెప్పదు. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న, దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. మీ యజమాని రేపు ధర పెంచే బదులు సర్వీస్ ఛార్జీ వేస్తానంటే, అది ఎంత వసూలైందో నెలనెలా చూపిస్తారా అని అడగండి.

జవాబు: బిల్లు కట్టేవాడు

పాత చట్టాల చదువరి గారు చెప్పినదాన్ని కాదనలేను. నిన్న రాత్రి బయట తిని టిప్పు పెట్టేటప్పుడు ఎందుకు పెడుతున్నానో నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. సర్వరు మరీ గొప్పగానో మరీ అధ్వాన్నంగానో చూసుకోలేదు. మామూలుగా పెట్టేదే పెట్టాను, అది కూడా నా స్నేహితుడు చూస్తున్నాడని కొంచెం ఎక్కువే. అయినా ఒక సందేహం మిగిలింది. ధర పెంచాక నేను కట్టే ఆ అదనం సర్వరుకు చేరిందో లేదో నాకెలా తెలుస్తుంది? టిప్పు చేతికి చేయి, అందులో ఆ నమ్మకం ఒకటి ఉంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: ఆకుపచ్చ నోట్‌బుక్

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ రెండుసార్లు చదివి, హాల్లోని ఆరుగురం, వంటగదిలోని అయిదుగురం కలిసి కూర్చున్నాం. ఇన్నేళ్లలో మేమంతా ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. గిన్నెల వైపు నుంచి రాసినవారి మాటలు చదివి వినిపించాను. మా వంటమాస్టరు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా నోట్‌బుక్ ఒకసారి ఇమ్మని అడిగి, పేజీలు తిప్పి, నూట నలభై వచ్చిన నెల దగ్గర ఆగి, "ఆ నెల నేను రెండు ఆదివారాలు కూడా ఇంటికి వెళ్లలేదు" అన్నాడు. ఆ తర్వాత పదిహేను గురించి మాట్లాడడానికి నాకు నోరు రాలేదు.

చివరికి మేము ఒప్పుకుంటున్నామని గాని, లేదని గాని రాయలేదు. జీతం గంటకైతే వారానికి కనీస గంటలు రాసి ఇవ్వాలని, ధర పెంపు వల్ల వచ్చేదానిలో హాలుకు ఎంత, వంటగదికి ఎంత, మిగతా ఖర్చులకు ఎంత అన్నది ప్రతి మూడు నెలలకూ మాలో ఇద్దరికి చూపించాలని, ఆరు నెలల్లో పాత పద్ధతికి వెళ్లవలసి వస్తే పెంచిన జీతం మాత్రం తగ్గించకూడదని రాశాం. బిల్లు కట్టేవాడు గారి సందేహం కూడా చేర్చాం, బిల్లు అడుగున "ఈ ధరలో పనివారి జీతం కలిసి ఉంది" అని కాకుండా, ఎంత కలిసి ఉందో అంకెతో సహా అచ్చు వేయమన్నాం. పూర్తి జీతం ఇచ్చాక కూడా ఎవరైనా సంతోషంగా ఏదైనా వదిలితే దాన్ని నిషేధించకుండా, కిటికీకి రెండు వైపుల వారికీ సమంగా పంచే డబ్బా ఒకటి పెట్టమన్నది ఆఖరి అంశం.

యజమాని కాగితం తీసుకుని, గంటల సంగతికి వెంటనే సరేనన్నారు, డబ్బా సంగతికి నవ్వారు. మూడు నెలలకొకసారి లెక్క చూపించే అంశం దగ్గర మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సోమవారం చెబుతానన్నారు. ఈ రోజు గురువారం. నోట్‌బుక్‌లో మామూలుగానే రాస్తున్నాను.